గడియారాన్ని వెనక్కి తిప్పిన సోమవారం

మా డయాలసిస్ కేంద్రంలోని సర్వర్ వాన పడిన రోజున కాలిపోయింది.

ఆ ఏడాదికి మాకు అదే మొదటి వాన. శనివారం సాయంత్రం అరగంట కురిసింది. మేడ మీద నేను పెట్టుకున్న వానకొలత గొట్టంలో ముప్పై ఒక్క మిల్లీమీటర్లు వచ్చింది. ఆ అంకె పుస్తకంలో రాసుకుంటూ ఉండగానే వెనకవైపు ఎక్కడో పిడుగు పడింది. కిందికి దిగేసరికి సర్వర్ ఉన్న చిన్న గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన. ప్రతిరోజూ నకలు రాసుకునే డిస్కు కూడా సర్వర్‌కే తగిలించి ఉండేది కాబట్టి రెండూ కలిసే పోయాయి. బయట రోడ్డు మీద జనం తడుస్తూ నిలబడి, పండగలా ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఇక మిగిలిన ఒకే ఒక్క డిస్కు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. దాని మీద ఉన్న సమాచారం ఐదు నెలల పాతది.

ఐదు నెలలు ఎందుకయిందో చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ అది వదిలేస్తే మిగతాది అర్థం కాదు.

నేను ఇంజనీరును కాను. ఇంటర్ కూడా పూర్తి చేయలేదు. వయసులో ఉన్నప్పుడు శింగనమల చుట్టుపక్కల ఊళ్లలో బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే పని దొరికింది. తాడు చివర ఇనుప బరువు కట్టి దింపడం, అది నీళ్లను తాకిన చప్పుడు వినడం, అక్కడ తాడును చేత్తో బిగించి పట్టుకొని పైకి లాగి కొలవడం. కొన్నేళ్లలో వందల బోర్ల లోతులు నా పుస్తకాల్లో చేరాయి. వాటిని ఎక్కించడానికి కంప్యూటర్ నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి నేర్చుకున్నదే. తర్వాత ఈ డయాలసిస్ కేంద్రం నడిపే ట్రస్టు వాళ్లు ఇందులో రికార్డులు చూడటానికి నన్ను పెట్టుకున్నారు. ఎనిమిది పడకల కేంద్రం. సర్వర్ కూడా నా మీదే పడింది, ఎందుకంటే దాని మూత విప్పడానికి భయపడనివాణ్ణి నేనొక్కణ్ణే.

డిస్కుల గురించి నియమం పెట్టింది నేనే. రెండు డిస్కులు. ఒకటి సర్వర్ దగ్గర, ఇంకొకటి కేంద్రం బయట, మా ఇంట్లో. ప్రతి సోమవారం పొద్దున ఒకదాని స్థానంలో ఇంకొకటి. మార్చినప్పుడు రిజిస్టరులో రెండు సంతకాలు ఉండాలి: మార్చినవాడిది, సరిచూసినవాడిది. మొదటి గడి నాది. రెండో గడి మా డయాలసిస్ టెక్నీషియన్‌ది. అతను నాకంటే పన్నెండేళ్లు చిన్న, ముదిగుబ్బ దగ్గరి పల్లెవాడు. రోగుల వివరాలుండే ప్రోగ్రాంలో సూపర్‌వైజర్ ఖాతా అని ఒకటుంటుంది, అన్ని ఖాతాలకూ అదే పెద్ద తాళంచెవి. అది కూడా అతని చేతిలోనే ఉండేది.

ఐదు నెలల కింద అతను ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. రెండో గడిలో ఇంకొకరి చేత సంతకం పెట్టించడానికి నాకు మనసు రాలేదు. రెండు సంతకాలు లేనిదే మార్చకూడదని రాసింది నేనే కాబట్టి మార్చడం మానేశాను. సోమవారం వచ్చినప్పుడల్లా రిజిస్టరు తెరిచి, ఖాళీ గడి చూసి, మూసేవాణ్ణి. జాగ్రత్త కోసం పెట్టుకున్న నియమాన్ని పట్టుకొని జాగ్రత్తనే వదిలేశాను. కాలిపోయిన గదిలో నిలబడేవరకు అది నాకు తప్పుగా తోచలేదు.

అతను వెళ్లిపోవడానికి కారణం నేను చెప్పిన ఒక అంకె.

అతనికి రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఏడేళ్ల చెట్లు, కాపు మీద ఉన్నాయి. మొదటి బోరు మూడువందల పది అడుగులు, ఎప్పుడో ఎండింది. రెండోది ఐదువందల నలభై, అదీ ఎండింది. మూడోది వేయాలనుకున్నప్పుడు నన్ను అడిగాడు. మా వైపు బోరు పాయింటు చూడటానికి వేపపుల్ల పట్టుకొని నడిచేవాళ్లు ఉన్నారు, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేవాళ్లు ఉన్నారు. నేను అవేవీ చేయను. చుట్టుపక్కల బోర్ల లోతులు కాగితం మీద వేసి, బండ ఎటు వాలుతోందో గీసి, ఒక అంకె చెబుతాను. అప్పటికి పద్నాలుగు చోట్ల చెప్పాను, పదకొండు చోట్ల దగ్గరగా పడ్డాయని చెప్పుకునేవాణ్ణి. అతనికి ఆరువందల పది అని చెప్పాను.

సోమవారం మధ్యాహ్నం బోరుబండి వచ్చింది. ఆరువందల పది దగ్గర దుమ్ము లేచింది. ఎనిమిదివందల డెబ్భై దాకా పోయినా దుమ్మేనని బండివాళ్ల నోట విన్నాను. అతను సెలవు పెట్టి ట్యాంకర్లతో చెట్లకు నీళ్లు తోలాడు. సెలవు అయిపోయినా రాలేదు, కొన్నాళ్లకు రాజీనామా కాగితం వచ్చింది. చెట్లు ఎండిపోయాయని, మామ దగ్గర గొర్రెలు చూసుకుంటున్నాడని విన్నాను. ఒక్కసారి ఫోన్ చేశాను, తీయలేదు. వెళ్లి చూడలేదు. ముదిగుబ్బ మాకు గంటన్నర దూరం.

ఆదివారం మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి దుమ్ము దులిపి, ట్రంకుపెట్టెలోని డిస్కు తెచ్చి దాని మీదికి ఎక్కించాను. ఆరు గంటలు పట్టింది. సోమవారం పొద్దున ఏడుకు మా సిస్టర్ వచ్చింది. కేంద్రంలోని నర్సులందరికీ ఆమే పెద్ద, ఇరవై ఏళ్ల అనుభవం. నేను నా పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. ఒప్పుకోలేదు. ఆ డిస్కు నాటి నా పాస్‌వర్డ్ నాకు తెలుసు, అందులో అనుమానం లేదు. మళ్లీ కొట్టలేదు. తప్పు నాది కాకపోతే రెండోసారి కొట్టినా మారేది ఏమీ ఉండదు.

తెర మీద మూలన తేదీ చూశాను. ఆ పాత కంప్యూటర్‌లో గడియారపు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. దాని లెక్కలో మేమెవరమూ ఇంకా ఉద్యోగంలో చేరలేదు. పుట్టని ఖాతాకు తలుపు ఎలా తీస్తుంది? తేదీ సరిచేసి, అసలు నడుస్తున్న రోజుకు తెచ్చాను. ఈసారి ఇంకో మాట చెప్పింది: పాస్‌వర్డ్ గడువు ముగిసింది. మా ప్రోగ్రాం మూడు నెలలకొకసారి పాస్‌వర్డ్ మార్చమంటుంది. డిస్కు మీద ఉన్నవి ఐదు నెలల కిందటివి. అందరి గడువూ ముగిసింది, గడువు ముగిసినవాళ్లను మళ్లీ లోపలికి రానివ్వాలంటే సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి, సూపర్‌వైజర్ గడువూ ముగిసింది, ఆ పాస్‌వర్డ్ టెక్నీషియన్ మాకు చెప్పి వెళ్లలేదు.

కాసేపు ఆలోచించి గడియారాన్ని వెనక్కి తిప్పాను. డిస్కు చివరిసారి రాసిన రోజుకి, ఐదు నెలల కిందటి ఆ సోమవారానికి. అప్పుడది శాంతించి నన్ను రానిచ్చింది, కానీ రోగుల పేజీకి నర్సుల ఖాతాతోనే పోవాలి. ఆ యంత్రానికి ఇంకా బోరుబండి రాలేదు.

"సిస్టరమ్మా, ఐదు నెలల కిందట నీ పాస్‌వర్డ్ ఏమిటి?" అన్నాను.

"బాగుండాదే. నిన్నటిదే గుర్తుండదు నాకు."

"అప్పుడు మీ చేన్లో బోరు ఎంత?"

"ఓ, అదా? నాలుగువందల ఎనభై. అది ఎండిపోయినాంక గదా ఏడువందల ఇరవై ఏపిచ్చింది."

మా కేంద్రంలో అందరి పాస్‌వర్డ్‌లూ ఒకే తీరు. ఊరి పేరు, బోరు లోతు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అక్షరాలూ అంకెలూ కలిపి పెట్టమని ప్రోగ్రాం అడుగుతుంది. మా మనుషులకు పిల్లల పుట్టిన తేదీ తడబడుతుంది గానీ బోరు ఎన్ని అడుగులో తడబడదు. చేను లేనివాళ్లు పుట్టింటి బోరు పెడతారు, వీధి బోరు పెడతారు. మూడు నెలలకొకటి మార్చమంటే మాకు ఇబ్బంది లేదు, ఎండిన బోర్లు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఇది మంచి పద్ధతి కాదని నాకు తెలుసు. నేనే ఆపాల్సింది. నాదీ అదే తీరు కాబట్టి ఆపలేదు.

ఆమె నాలుగువందల ఎనభై కొట్టింది. తెరుచుకుంది.

"సచ్చిన బోరు ఇట్ల అక్కరకొచ్చింది సూడన్నా" అని నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. రోగుల పేజీకి పోగానే తెర మీద ఒక వాక్యం నిలబడింది. ఇది కొత్త యంత్రం, సూపర్‌వైజర్ ఒకసారి వచ్చి అనుమతి ఇస్తేనే ఫైళ్లు తెరుస్తాను అని దాని సారాంశం. యంత్రం తాళమైతే ఎలాగో విప్పేవాణ్ణి. ఇది ప్రోగ్రాం తాళం. ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీ మూతపడి రెండేళ్లయింది.

అతని పాస్‌వర్డ్ కావాలి. ఐదుసార్లు తప్పు కొడితే ఒక రోజంతా ఆ ఖాతా మూసుకుపోతుంది.

సిస్టర్ వెంటనే తొందరపడలేదు. అంతకుముందువి కంప్యూటర్‌లోకి ఎక్కించి పారేసినా, వారం వారం వచ్చేవాళ్లకు గత ఐదు నెలల కాగితాలు ఉన్నాయి, బరువులు, మందులు అన్నీ వాటిలో దొరుకుతాయి, వాటితో నడపవచ్చు అంది. నేనూ అలాగే అనుకున్నాను. ఎనిమిదిన్నరకు అవ్వ వచ్చేవరకు.

శింగనమల చెరువు కింద కూలి పని చేసుకుని బతికిన అవ్వ. మూడేళ్లు మా దగ్గర డయాలసిస్ చేయించుకుంది. ఐదు నెలల కిందట కణేకల్‌లో ఉన్న కూతురింటికి పోయి, అక్కడి నుంచి బళ్లారికి పోయి చేయించుకుంటూ వచ్చింది. మొన్ననే కోడలు వచ్చి తీసుకొచ్చిందట. చివరిసారి గురువారం చేశారు. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. వివరాల పుస్తకం కూతురింట్లోనే మరిచిపోయింది.

సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, ఈ అవ్వకు మన ఫిల్టర్లలో ఒకటి పడదు. ఒకసారి పెట్టినప్పుడు గొంతు పట్టేసి, ఒళ్లంతా మంట లేసి, మనిషి పోయి వచ్చింది. ఆ పొద్దు నేను లీవు. చేసింది, రాసింది ఆ టెక్నీషియనే, తరవాత గూడా అవ్వ మిషను సూసుకునింది ఆ పిల్లోడే. రెండిట్లో ఏది పడదో నాకు తెల్దు."

రక్తాన్ని వడకట్టే గొట్టాన్ని మేం ఫిల్టర్ అంటాం. మా స్టోరులో రెండు రకాలే ఉన్నాయి. బళ్లారికి ఫోన్ చేస్తే వాళ్లు వాడింది మూడో రకం, మా దగ్గర లేనిది.

"అవ్వా, ఏ గొట్టం పెడితే నీకు అట్లయిందో గుర్తుండాదా?" సిస్టర్ అడిగింది.

"ఒక కొన ఎర్రగా ఉండె. ఇంగొక కొన నీలం."

"అన్నిటికీ అట్లే ఉంటాదవ్వా."

"అయితే నన్నడిగేదేల?" అంది అవ్వ. నా వైపు తిరిగి, "ఏమప్పా, నీ డబ్బా ఇంగా నిద్ర లేయలేదా? నాకు బోరు లేదు, లేకుంటే నా నెంబరు ఇద్దును" అంది. ఈ పాస్‌వర్డ్‌ల సంగతి మూడేళ్లు మంచం మీద పడుకొని వింటూ ఆవిడా తెలుసుకుంది.

డాక్టర్‌గారు వారానికి ఒక రోజే వస్తారు. ఫోన్‌లో ఆయన, "ఏది పడదో తెలియకుండా దేన్నీ పెట్టొద్దు. మధ్యాహ్నం మూడింటి దాకా చూడండి. తేలకపోతే అనంతపురం పంపిద్దాం. అక్కడ పడక దొరికేసరికి ఎంతసేపవుతుందో మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

నేను లెక్క మొదలుపెట్టాను. అతని బోర్లన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఆ సోమవారం నాటికి అతని చివరి బోరు ఐదువందల నలభై. కొట్టాను. తప్పు. ఇంకా పాతదాన్నే ఉంచుకున్నాడేమోనని మూడువందల పది కొట్టాను. తప్పు. డిస్కు తేదీ ఒక రోజు అటూ ఇటూ అయి ఉంటే కొత్తది కావాలి, ఎనిమిదివందల డెబ్భై. తప్పు. ఇక రెండు అవకాశాలున్నాయి. నా పుస్తకంలో అతని పేరు కింద ఇంకో అంకె లేదు.

అతనికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సిస్టర్ ఫోన్ నుంచి చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. పదకొండు గంటలకు బండి తీశాను.

దారంతా శనివారం వాన పడిన చోటు, పడని చోటు తెలిసిపోతూనే ఉంది. ఒక ఊళ్లో ఎర్రమట్టి తడిసి దున్నుతున్నారు, తర్వాతి ఊళ్లో చేను అలాగే పగుళ్లతో ఉంది. అతని ఊరు చేరేసరికి పన్నెండు నలభై. తోట రోడ్డు పక్కనే. చెట్లు కొట్టేశారు. మొద్దులు వరుసగా ఉన్నాయి. వరుసకు పదహారు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

ఇంట్లోవాళ్లు గుట్ట వైపు చూపించారు. బండి కింద పెట్టి నడిచి వెళ్లాను. అతను తుమ్మచెట్టు నీడలో కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నేను దగ్గరకు వెళ్లేదాకా కదలలేదు. నా కళ్లు గొర్రెల మీదికి పోయాయి.

"ఏమన్నా, లెక్క పెడతాండావా?" అన్నాడు. ఐదు నెలల తర్వాత అతను నాతో అన్న మొదటి మాట అదే.

"నలభై ఆరు" అన్నాను.

"నలభై ఏడు. ఒగటి ఆ బండ ఎనక పండుకోనుండాది. నీ కండ్లకు కనపడంది నీ లెక్కలోకి రాదు గదా."

పిడుగు సంగతి, డిస్కు సంగతి, అవ్వ సంగతి వరుసగా చెప్పాను. అవ్వ పేరు వచ్చినప్పుడు మాత్రం అతను తల తిప్పి నా వైపు చూశాడు.

"ఏ ఫిల్టర్ పడదో నీకు గుర్తుంటే చెప్పప్పా, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు" అన్నాను.

"గుర్తున్నట్లే ఉండాది." గడ్డం కర్ర మీంచి తీశాడు. "ఉన్నట్లుంటే సాలదన్నా. దాని మీద ఒక మనిషిని పండుకోబెట్టలేం. నేను రాసింది సూడాల." తర్వాత, "ఎన్నిసార్లు కొట్టినావు?" అన్నాడు.

"మూడు. ఐదువందల నలభై, మూడువందల పది, ఎనిమిదివందల డెబ్భై."

"ఎనిమిదివందల డెబ్భై ఎవరు జెప్పినారు నీకు?"

"బండివాళ్లు."

"నన్ను అడగలేదు."

"లేదు."

"తొమ్మిదివందల పదహైదు. ఎనిమిది డెబ్భై కాడ ఆపుతామనిరి. ఉండే రాడ్లన్నీ దింపండప్పా అంటి." గొర్రె ఒకటి దూరం పోతుంటే నాలుకతో చప్పుడు చేసి మళ్లించాడు. "అదీ గాదులే పాస్‌వర్డు."

"మరేది?" అన్నాను.

"నువ్వు తేదీలు రాసుకునే మనిషివి గదా. బోరు ఎప్పుడు ముగిసింది? మంగళవారం తెల్లారి. డిస్కు ఎప్పుడు మార్చినాం? సోమవారం పొద్దున్నే. ఆఖరి నకలు రాసేముందు ప్రోగ్రాం పాస్‌వర్డు మార్చమనె. నువ్వు నా పక్కనే ఉంటివి, మొగం ఆ పక్కకి తిప్పుకోని."

"అప్పటికి నీ బోరు ఐదువందల నలభైయే కదా."

"అది ఎండిపోయిండె. సచ్చినదాన్ని ఇంగ మూణ్ణెల్లు రోజూ కొట్టేది దేనికి అనుకుంటి. నువ్వు జెప్పిన నెంబరు పెట్టినా. ఆరువందల పది." నేల వైపు చూస్తూ అన్నాడు. "అందరూ నీళ్లు పడినాంక పెడతారు. నేను పడకముందే పెట్టినా."

ఎండలో గొర్రెలు ఒకదాని నీడలో ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. నా సంచిలో నోటుపుస్తకం ఉంది. అందులో ఆరువందల పది లేదు. జరిగింది మాత్రమే రాస్తానని, అనుకున్నది రాయనని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ అంకె రాసిపెట్టుకున్న చోటు లోకంలో ఒక్కటే మిగిలింది, ట్రంకుపెట్టెలో ఐదు నెలలు పడి ఉన్న ఆ డిస్కు.

సిగ్నల్ అక్కడ రాదు. గుట్ట మీద పెద్ద బండ దగ్గర వస్తుందని ముందు నడిచాడు. ఫోన్ నా చేతిలోంచి తీసుకొని తనే కలిపాడు.

"సిస్టరమ్మా, నేనే. ... బాగుండాలే. గొర్లు గాస్తాండా. నువ్వు తెర ముందర కూచుంటివా? మా ఊరు పేరు కొట్టు, అన్నీ చిన్నక్షరాలు. కొట్టినావా? తరవాత ఆరు, ఒకటి, సున్నా. ... ఔ. అంతే."

ఆ పక్క ఎంతోసేపు ఏమీ వినపడలేదు. అతను కర్ర చివరతో బండ మీద గీస్తూ ఉన్నాడు.

"తెరుచుకునింది" అన్న సిస్టర్ గొంతు నాకూ వినిపించింది. "ఉండు, అవ్వ ఫైలు తీస్తాండా."

ఆమె చదివింది. అతను విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. ఫోన్ నాకిస్తూ, "నేను రెండోది అనుకోనుంటి" అన్నాడు. "పడనిది మొదటిది. నేను నోటితో జెప్పింటే పడనిదాన్నే పెట్టిందురు."

అతను కర్ర పక్కన పెట్టాడు. బండ మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఒంటిగంట ఇరవై అయింది. మూడింటి గడువుకు ఇంకా సమయం ఉంది, కానీ లేవబుద్ధి కాలేదు.

"నాది తప్పు" అన్నాను.

"ఏంది, నీళ్లు లేకపోవడమా?"

"ఆ లెక్కకు రెండువందల అడుగులు అటూ ఇటూ ఉంటుంది. అసలే పడకపోయే అవకాశమూ ఉంటుంది. నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే నా అంకెకు విలువ ఉండదని."

"నువ్వు చెప్పింటే మాత్రం బోరు ఏపిచ్చకుండా ఉంటినా? ఏపిచ్చేవాణ్ణే. చెట్లు కండ్ల ముందర ఎండతాంటే ఎవడు ఊరికుంటాడు." లేచి నిలబడ్డాడు. "పాస్‌వర్డు మాత్రం పెట్టేవాణ్ణి గాదు."

దిగి వచ్చేటప్పుడు డిస్కుల మార్పిడి ఆపేసిన సంగతి చెప్పాను. రెండో గడి ఖాళీగానే ఉందని, సోమవారాలు ఎలాగైనా రాగలవేమోనని అడిగాను.

"సిస్టరమ్మ చేత సంతకం పెట్టిచ్చుకో అన్నా" అన్నాడు. "ఖాళీ గడికి కాపలా కూచునేది యాలప్పా. నేనింగ రాను." కోపంగా అనలేదు. బండ వెనక పడుకున్న గొర్రెను లేపడానికి పోయాడు.

కేంద్రానికి తిరిగి వచ్చేసరికి అవ్వ మూడో పడక మీద ఉంది. రెండో రకం ఫిల్టర్ ఎర్రగా నిండి ఉంది. కోడలు పాదాల దగ్గర కూర్చుని ఉంది. మంట లేదు, దద్దురు లేదు. ఊపిరి నిదానించింది.

"లేసిందా అప్పా నీ డబ్బా?" అంది అవ్వ.

"లేసిందవ్వా."

"ఎవరిది పెడితే లేసింది?"

చెప్పాను. అవ్వకు అతను బాగా తెలుసు. "ఆ పిల్లోడు నాకు సూది పెడితే తెలిసేదే కాదు" అని కళ్లు మూసుకుంది. "వానికి నీళ్లు పడినాయా?"

"లేదవ్వా."



ఆ మధ్యాహ్నమంతా సిస్టర్ అందరి పాత వివరాలు కాగితాల మీదికి దింపుకుంది. రోగులు వెళ్లిపోయాక, ఇంకా వెలుతురు ఉండగానే, గడియారాన్ని మళ్లీ ముందుకు తెచ్చాను. ఒక మీట నొక్కితే ఐదు నెలలు గడిచిపోయాయి. వెంటనే సూపర్‌వైజర్ గడువు ముగిసిందని, పాతది ఒకసారి కొట్టి కొత్తది పెట్టమని అడిగింది. ఊరి పేరు, ఆరు, ఒకటి, సున్నా నేనే కొట్టాను. దాన్ని కొట్టడం అదే మొదలు, అదే చివర. తర్వాత కుర్చీ సిస్టర్‌కు ఇచ్చాను. ఇకమీదట ఆ ఖాతా ఆమెది.

"బోరు లోతు వద్దమ్మా. ఇంకేమైనా పెట్టు" అన్నాను.

"మరేమి గుర్తుంటాదన్నా మాకు?" అంది. అయినా ఏదో కొట్టింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఆమె పని ముగించేలోగా నా పుస్తకం తీశాను. అతని పేరు కింద ఎనిమిదివందల డెబ్భై కొట్టేసి, తొమ్మిదివందల పదిహేను, నీళ్లు లేవు అని రాశాను. పక్కన కొత్త గీత గీసి, నేను చెప్పింది అనే గడి పెట్టి, ఆరువందల పది రాశాను. మిగతా పద్నాలుగు చోట్లకు కూడా ఆ గడి నింపుదామని కూర్చుంటే ఐదింటికే గుర్తొచ్చాయి. మిగిలిన తొమ్మిదింటికి నేనేం చెప్పానో ఎక్కడా లేదు. పదకొండు చోట్ల దగ్గరగా పడ్డాయని ఇన్నేళ్లుగా చెప్పుకున్నది నోటిమాటే. ఆ తొమ్మిది ఊళ్లకూ వెళ్లి అడగాలి. వాళ్లకు గుర్తుంటుంది.

కొత్తగా కొన్న డిస్కు మీదికి నకలు రాయడం ముగిశాక రిజిస్టరు తెచ్చాను. మొదటి గడిలో నేను సంతకం పెట్టాను. సిస్టర్ డిస్కు తెరిచి, మూడు ఫైళ్లు చూసి, సరిగ్గా తెరుచుకుంటున్నాయని తల ఊపి, రెండో గడిలో కలం ఆనించి ఆగింది. పైన ఐదు నెలల వరుసలు ఖాళీగా ఉన్నాయి.

"తేదీ ఏమి ఎయ్యాలన్నా?"

"ఈరోజుదే వెయ్యమ్మా" అన్నాను.